మామ కారుకు వెబ్‌సైటు: ప్రాజెక్టు డైరీ

2025 ఆగస్టు 4

ప్రాజెక్టు టాపిక్ ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. క్లాసులో సగం మంది 'ఆన్‌లైన్ షాపింగ్' రాశారు, మిగతా సగం 'కాలేజీ మేనేజ్‌మెంట్ సిస్టమ్'. ఆ రెండూ సీనియర్ల దగ్గర బైండింగ్ చేసినవి దొరుకుతాయి, వింతేమీ లేదు. నేను మా మామ కారు అని రాశాను. మేడం చదివి "కార్ రెంటల్ సిస్టమా?" అన్నారు. "కాదు మేడం, ఒకటే కారు. మా మామ నడుపుతాడు" అన్నాను. వెనక బెంచీలో కిసుక్కున నవ్వారు.

మామకు ఒక ఎర్టిగా ఉంది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. కొండ మీద దర్శనం చేసుకుని దిగినవాళ్లను చుట్టుపక్కల గుళ్లకు తిప్పుతాడు. తిరుపతిలో దీన్ని 'లోకల్ టెంపుల్స్' అంటారు. ఇంగ్లీషు మాటే గానీ ఆటోవాళ్ల నోట్లో నలిగి ఎప్పుడో తెలుగైపోయింది. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం దగ్గర నిలబడి బాడుగ పట్టుకోవాలి. ఈ మధ్య జనం రైల్లోంచే ఫోన్లో బుక్ చేసుకుని దిగుతున్నారని, తను మాత్రం ఎండలో నిలబడి అరుస్తున్నానని ఆయన బాధ. తమిళ భక్తులు ఎక్కువగా వచ్చే పెరటాసి నెల మొదలయ్యే లోపు ఏదో ఒకటి చేసిపెట్టమన్నాడు. అంటే ఆరు వారాలు.

ఆగస్టు 6

నాకేం వచ్చో లెక్క చూసుకున్నా. పోయిన సెమిస్టర్‌లో వెబ్ డిజైన్ రికార్డు 24 ప్రోగ్రాములు చేత్తో రాశాను. కుడివైపు గీతల పేజీలో కోడ్, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసిన అవుట్‌పుట్. అందులో అక్షరాలు కుడి నుంచి ఎడమకు పాకే మార్క్యూ ఉంది. పాకుతున్నట్టు తెలియడానికి పెన్సిల్‌తో బాణం గుర్తు కూడా వేశాను, దానికి మార్కు వేశారు! ఫాంట్ ట్యాగు, సెంటర్ ట్యాగు, ఫ్రేమ్‌సెట్ అన్నీ నేర్చుకున్నా. వీటన్నింటినీ 2014లో, వెబ్ పేజీలు రాసే భాషకు కొత్త రూపమైన హెచ్‌టీఎంఎల్5 ఖాయమైనప్పుడే పక్కన పెట్టేశారని ఈ రోజు తెలిసింది. అప్పటికి నేను మూడో క్లాసు.

ఆగస్టు 11

ఈ రోజు ఏడుపొక్కటే తక్కువ.

ల్యాబ్‌లో విండోస్ 7, నోట్‌ప్యాడ్. తెలుగు నాకు ఫోన్లోనే వేగంగా వస్తుంది కాబట్టి అంతా ఫోన్లో రాసుకుని, నాకు నేనే మెయిల్ పంపుకుని, అక్కడ అతికించా. సేవ్ నొక్కితే ఏదో హెచ్చరిక పెట్టె వచ్చింది. అలాంటివి చదివే అలవాటు నాకుంటే కదా. ఓకే కొట్టేశా. ఫోన్లో మెయిల్ కూడా డిలీట్ చేసేశా, అది ఇంకో తెలివి. మధ్యాహ్నం ఫైలు తెరిస్తే 'శ్రీ పద్మావతి అమ్మవారి ఆలయం' ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాల బారు.

ఆ పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తుంది. అందులో తెలుగుకు చోటే లేదు. తనకు తెలియని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకుంటుంది. లోపల ఎక్కడో దాగి ఉంటాయిలే అనుకున్నా గానీ, పోయినవి పోయినట్టే. 'సేవ్ యాజ్'లో కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోయేది.

ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక అంకె ఇచ్చే పట్టిక యూనికోడ్. యూటీఎఫ్-8 ఆ అంకెల్ని ఫైల్లో దాచే పద్ధతి. యూనికోడ్ తొలి వెర్షన్ 1991లో వచ్చింది. అప్పటినుంచే తెలుగుకు అందులో 128 గదులున్నాయి. మన కంటికి 'శ్రీ' ఒకే అక్షరం. కంప్యూటరుకు అది శ, పొల్లు, ర, దీర్ఘం: నాలుగు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికీ 3 బైట్లు, మొత్తం 12. ఆ పన్నెండు బైట్ల స్థానంలో నాకు మిగిలింది నాలుగు ప్రశ్నార్థకాలు. అన్నీ మళ్లీ టైపు చేసి అతికించేసరికి క్యాంటీన్‌లో పులిహోర అయిపోయింది.

ఆగస్టు 14

మొదటి వెర్షన్ తయారు. ల్యాబ్ మానిటర్ మీద కళకళలాడుతోంది. పైన గోపురం ఫోటో, దాని కింద ఐదు బొమ్మలు జరిగే స్లైడర్, మెనూలో హోమ్, అబౌట్ అస్, సర్వీసెస్, గ్యాలరీ, కాంటాక్ట్ అస్. అబౌట్ అస్‌లో ఏం రాయాలో తోచక 'అనుభవజ్ఞులైన మా బృందం' అని రాశా. బృందమంటే మామే.

సాయంత్రం కొర్లగుంటలో మామ కారు కడుగుతున్నాడు. అన్న ల్యాప్‌టాప్‌లో లైవ్ సర్వర్ పెట్టి, ఇంటి వైఫై మీద మామ ఫోన్లో తెరిచి ఇచ్చా. చేతులు లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఫోను దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు.

"ఏం మే, ఇది స్టాంపు మాదిరి ఉండాదే. నా నంబరు యాడుండాది?"

రెండు వేళ్లతో సాగదీసి, పక్కకు జరిపి, కుడివైపు మూలలో చూపించా. మామ విజిటింగ్ కార్డును స్కాన్ చేసి ఆ బొమ్మే అక్కడ పెట్టాను, రంగులు బాగున్నాయని. ఆయన నంబరు మీద వేలు పెట్టి నొక్కాడు. ఏం కాలేదు. మళ్లీ నొక్కాడు.

"పోలేదే."

"అది ఫోటో మామా."

"ఫోటోకి యెవురన్నా ఫోన్ చేస్తారా పాపా?"

తర్వాత బకెట్ పక్కన పెట్టి స్టేషన్ దగ్గర జనం ఎలా ఉంటారో చేసి చూపించాడు. ఎడమ చంకలో బిడ్డ, అదే చేతికి లడ్డూల సంచి. కుడి చేతిలో ఫోను, పనిచేసేది ఒక్క బొటనవేలు. నెత్తిన కొత్త గుండు, దాని మీద గంధం, పైన ఎండ. "వీళ్లు నీ బొమ్మలు జరిగేదాకా నిలబడి చూస్తారా?"

నేను ఈ పేజీ ఎవరికోసం కట్టానో ఆలోచిస్తే, మూడో వరుసలో ఏసీ కింద కూర్చున్న మా మేడం మానిటర్ కోసం. ఆ మానిటర్‌కు లోకల్ టెంపుల్స్ అవసరం లేదు.

ఆగస్టు 17

స్టాంపు మాదిరి ఎందుకుందో దొరికింది. పేజీ తలలో వ్యూపోర్ట్ అనే ఒక మెటా ట్యాగు ఉండాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజరు 'ఇదేదో కంప్యూటరు కోసం కట్టిన పాత పేజీ' అనుకుని, తన వెడల్పు 980 పిక్సెల్స్ అన్నట్టు పేజీని పరిచి, మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. నా 24 ప్రోగ్రాముల్లో ఒక్కదాంట్లోనూ ఆ లైను లేదు. పెన్సిల్ బొమ్మకు దాని అవసరం రాదు కదా.

ఆ లైను పెట్టగానే అక్షరాలు పెద్దవయ్యాయి. నంబరు మాత్రం మాయమైంది. కాంటాక్ట్ పెట్టెను ఎడమ అంచు నుంచి 900 పిక్సెల్స్ దూరంలో మేకు కొట్టి పెట్టాను మరి. మామ ఫోన్ తెరకు నిజంగా ఉన్నవి 1080 చుక్కలు, బ్రౌజరు మాత్రం మూడింటిని ఒకటిగా కలిపి 360 అని లెక్కేస్తుంది. 360 వెడల్పున్న ఇంట్లో 900 దూరాన మేకు కొడితే అది పక్కింట్లో దిగుతుంది.

మెటా ట్యాగు పెడితే అయిపోతుందనుకున్నదాన్ని, రెండు రోజులు కూర్చుని పిక్సెల్ కొలతలన్నీ పీకేశా. అప్పుడొక తమాషా కనిపించింది. రంగులు, కొలతలు చెప్పే సీఎస్‌ఎస్ మొత్తం తీసేసి ఒట్టి హెచ్‌టీఎంఎల్ తెరిస్తే పేజీ ఏ ఫోన్లోనైనా ఒద్దికగా సర్దుకుంటోంది. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో ఉండగా 1989లో వెబ్ ప్రతిపాదన రాశాడని పరీక్షకు బట్టీ పట్టా. 1991లో పెట్టిన ఆ తొలి సైటులో ఉన్నది రాత, లింకులు, అంతే. అందుకే అలాంటి పేజీ ఇప్పటి ఫోన్లోనూ హాయిగా చదువుకోవచ్చు. బిగదీసి కట్టింది తర్వాత వచ్చిన మనమే. మళ్లీ వదులు చేయడానికి 2010లో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే పేరు పెట్టాల్సి వచ్చింది. (ఈ పేరు మా సిలబస్‌లో లేదు. మార్క్యూ ఉంది.)

విజిటింగ్ కార్డు బొమ్మ తీసేశా. దాని చోట నంబరును అక్షరాల్లోనే రాసి, లింకులో 'టెల్' అని, కోలన్ పెట్టి, +91తో ఇచ్చా. నొక్కితే డయలర్ తెరుచుకుంటుంది. తెర అడుగున బొటనవేలికి అందేచోట, ఎంత కిందికి జరిపినా కదలకుండా అంటించా. మామ నొక్కాడు. ఆయన నంబరుకు ఆయనే ఫోన్ చేసుకుని, "బిజీ వస్తాండాది" అని సంతోషపడ్డాడు.

ఆగస్టు 24

గుళ్ల జాబితా. అరగంట పని అనుకున్నా.

దూరం ప్రకారం పేర్చా. కపిలతీర్థం ఊళ్లోనే, తర్వాత తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, అప్పలాయగుంట. నలభై కిలోమీటర్ల లోపు శ్రీకాళహస్తి. చివర డెబ్బై దాకా ఉండే కాణిపాకం. దగ్గరివి ముందు, దూరానివి వెనక. ఇంతకంటే పద్ధతైన వరుస ఏముంటుంది?

మామ మధ్యాహ్నం బాడుగ దించేసి అన్నానికి వచ్చాడు. సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటూ ఫోన్లో చూసి ఆగిపోయాడు.

"కాళహస్తి తర్వాత కాణిపాకమా? యెవురు పెట్టింది ఇట్ల?"

"దూరం లెక్కన పెట్టినా మామా."

"కాళహస్తి చూసినాక ఇంగో గుడికి పోకూడదు పాపా. నేరుగా ఇంటికి పోవాల. రాహుకేతు పూజ చేసుకున్నోళ్లయితే ఇంగ చెప్పేదే లేదు. ఈ వరస చూస్తే, వీనికేం తెలీదు, నిన్న కారు కొన్నాడు అనుకుంటారు."

ఇది నాకు తెలియక కాదు. మా అమ్మమ్మ కాళహస్తి నుంచి వచ్చే దారిలో బంధువుల ఇంటికి కూడా వెళ్లనిచ్చేది కాదు. అయినా కంప్యూటర్ ముందు కూర్చోగానే ఇంట్లో తెలిసిందంతా గడప అవతల వదిలేసి కిలోమీటర్లు పట్టుకున్నా.

తర్వాత ఆయన సంగటి చేత్తోనే గాల్లో రోడ్లు గీశాడు. మంగాపురం, చంద్రగిరి కోట, కాణిపాకం ఒకే దారి, పడమటికి. తిరుచానూరు, అప్పలాయగుంట ఇటు పక్క. కొండ దిగినవాళ్లు అమ్మవారిని చూడకుండా ఊరు దాటరు, కాబట్టి తిరుచానూరు ఏ ట్రిప్పులోనైనా ఉండాల్సిందే. కాళహస్తి ఆఖరు రోజు, లగేజీ డిక్కీలో పెట్టుకుని బయల్దేరితే తిరుగు దారిలో రేణిగుంట స్టేషన్లో దించేస్తాడు, అటునుంచి అటే రైలెక్కేస్తారు. ఏ గుడి మధ్యాహ్నం ఎంతసేపు మూస్తారో కూడా ఆయనకు నోటికొచ్చు. ఇదంతా ఆయన తలలో ఉన్న సైటు మ్యాపు. నేను అడగనేలేదు.

రాత్రి జాబితా మార్చేటప్పుడు రికార్డులో 5వ ప్రోగ్రాము గుర్తొచ్చింది: ఆర్డర్డ్ లిస్టు, అన్‌ఆర్డర్డ్ లిస్టు. యాపిల్, మామిడి, అరటి అని అంకెలతో ఒకసారి, చుక్కలతో ఒకసారి రాసి పదికి పది తెచ్చుకున్నా. యాపిల్ తర్వాత మామిడి ఎందుకు రావాలో మేడం అడగలేదు, నేనూ అడగలేదు. అంకెకూ చుక్కకూ తేడా చూపులో ఉందనుకున్నా ఇన్నాళ్లూ. ఇప్పుడు గ్యాలరీలో ఫోటోలకు చుక్కల జాబితా, ట్రిప్పులకు అంకెల జాబితా. కాళహస్తి 3వ అంకె. దాని తర్వాత 4 లేదు.

ఆగస్టు 27

వినాయక చవితి. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలు, మామ పొద్దున నాలుగింటికే వెళ్లిపోయాడు. నేను కుడుములు తింటూ ఫాంట్ల మీద పడ్డా.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు జాబితా తెరిస్తే భువనవిజయమే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు, అందరి పేర్ల మీదా ఫాంట్లున్నాయి, అన్నీ ఉచితం. కాళహస్తీశ్వరుణ్ని కొలిచిన కవి ధూర్జటి కాబట్టి ఆ శీర్షికకు ధూర్జటి, మిగతావాటికి తలా ఒకరు అని మురిసిపోయా. ఒక్కో ఫాంటూ ఒక్కో డౌన్‌లోడ్ అని తర్వాత వెలిగింది. ఒత్తులకూ గుణింతాలకూ విడివిడిగా ఆకారాలు దాచుకోవాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లీషుదానికంటే బరువు. స్టేషన్ దగ్గర వచ్చీరాని సిగ్నల్లో అష్టదిగ్గజాలు దిగేసరికి ఆటో వెళ్లిపోతుంది. మండలి అనే ఫాంటు ఒక్కటే ఉంచా. ధూర్జటిని తీసేటప్పుడు కొంచెం బాధేసింది.

ఇంకో గొడవ. వరుసల ఎడం 1.2 అని ఇంగ్లీషు వీడియో చూసి పెట్టాను. 'తీర్థం'లో థ ఒత్తు, 'స్వర్ణముఖి'లో ణ ఒత్తు సగానికి తెగి కనిపించాయి. ఇంగ్లీషు అక్షరం ఒక అంతస్తు ఇల్లు. మనది కింద ఒత్తు కాపురం, పైన గుడి కాపురం. 1.7 చేసి, పట్టీ దాటిన భాగాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ తీసేశాక ఒత్తులు కిందికి కాళ్లు చాపుకున్నాయి.

ఆగస్టు 31

మధ్యాహ్నం పన్నెండున్నర, విష్ణునివాసం ముందు. కావాలనే ఆ టైముకు వెళ్లా.

ఇంట్లో నాజూగ్గా కనిపించిన బూడిద రంగు రాత ఎండలో లేనే లేదు. తెరలో నా మొహం కనిపిస్తోంది గానీ రేట్లు కనిపించట్లేదు. రాత రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడా మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని రాసిన మార్గదర్శకాలు) నియమం. నేను వాడింది తెలుపు మీద #777777. దాని లెక్క 4.48. ఒక్క మెట్టు చీకటి చేసి #767676 పెడితే 4.54, పాసు. పాసుకు 35 మార్కులు కావాల్సిన చోట 34 తెచ్చుకున్నట్టుంది వ్యవహారం. కానీ తిరుపతి ఎండకు పాసు మార్కులు చాలవు. తెలుపు మీద నలుపే పెట్టేశా.

సెప్టెంబరు 3

సైటును నెట్‌లో పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్‌లోకి ఎక్కించా. ఉచితం. ల్యాప్‌టాప్‌లో అన్ని ఫోటోలూ కనిపిస్తున్నాయి, నెట్‌లో కపిలతీర్థం మాత్రం విరిగిన బొమ్మ గుర్తు. గంటన్నర వెతికాక దొరికింది: ఫైలు పేరు చివర జేపీజీ అన్నది కెమెరా పెద్ద అక్షరాల్లో రాసింది, నేను కోడ్‌లో చిన్న అక్షరాల్లో రాశా. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, సర్వరు పట్టించుకుంటుంది. పేజీ మీద ఎక్కడా ఎర్రగా తప్పు చూపించదు, అదీ దీంతో బాధ.

ఫోటోలు ఒక్కోటి నాలుగు ఎంబీ పైనే ఉన్నాయి. 800 పిక్సెల్స్ వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ అనే తేలిక రకం బొమ్మగా మార్చితే ఒక్కోటి వంద కేబీ లోపుకు వచ్చింది. స్లైడర్ ఈ రోజే తీసేశా.

సెప్టెంబరు 7

చంద్రగ్రహణం. కొండ మీద, తిరుచానూరులో మధ్యాహ్నం నుంచే తలుపులు మూసేశారు. గ్రహణంలోనూ తెరిచి ఉండేది కాళహస్తి. మామకు పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ గుడి తెరిచి ఉంది? "నీ సైటులో ఇది రాయడానికి చోటు లేదా?" అన్నాడు. నిజంగానే లేదు. నంబరుకు కాస్త పైన 'ఈ రోజు' అని ఒక పసుపు పట్టీ పెట్టా. చెప్పడానికేమీ లేని రోజు అది కనబడదు. ప్రాజెక్టు మొత్తంలో జనానికి బాగా పనికొచ్చేది ఇదేనేమో. నాకు తట్టిన ఆలోచన మాత్రం కాదు.

సెప్టెంబరు 16

కాలేజీలో రివ్యూ. ప్రొజెక్టర్ మీద వేస్తే మా పేజీ మరీ బోసిగా ఉంది, ఒప్పుకుంటా. నా ముందు వాళ్ల షాపింగ్ సైటులో బొమ్మలు ఎగిరొచ్చి వాలుతున్నాయి. రివ్యూకు వచ్చిన సార్ "యానిమేషన్ లేదా? పేజీలు ఇంకా పెంచాలి" అన్నారు. నా ఫోన్ ఆయన చేతికిచ్చి "సార్, ఒక్క చేత్తో పట్టుకుని మా మామకు ఫోన్ చేయండి" అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. డాక్యుమెంటేషన్ 60 పేజీలకు తగ్గకూడదట. సైటు ఒక పేజీ, దాని గురించి 60 పేజీలు.

సెప్టెంబరు 20

పెరటాసి మొదటి శనివారం. ఊరంతా తమిళ బస్సులు. నగరి నుంచి వచ్చే మా క్లాస్‌మేట్ చేత 'తమిళం మాట్లాడతాం' అన్న ముక్క తమిళంలో రాయించి పోయిన వారమే పైన పెట్టా. కారు వెనక అద్దానికి క్యూఆర్ కోడ్ అంటించాం. సాయంత్రానికి పేజీ చూసి మూడు ఫోన్లొచ్చాయట. ముగ్గురూ అడిగింది రేటే. రేటు పేజీలో ఉంది, రెండు వేళ్ల దూరం కిందికి జరపాలి. అదీ జరపరన్నమాట. రేట్లు పైకి తెచ్చి, లావు అక్షరాల్లో పెట్టా.

సెప్టెంబరు 21

24 నుంచి కొండ మీద బ్రహ్మోత్సవాలు, రేట్లు మారతాయి. ప్రతిసారీ నేనే మార్చాలంటే కుదరదని, మామ ఫోన్లోనే గిట్‌హబ్ తెరిచి ఎక్కడ నొక్కాలో, ఏ అంకె మార్చాలో నేర్పించా. బుద్ధిగా విన్నాడు. రెండుసార్లు నా ముందే చేసి చూపించాడు.

రాత్రి పదింటికి నేను పడుకోబోతుంటే ఫోన్. "మార్చేసినా, చూడు." చూశా. అంకె సరిగ్గానే మారింది. దాంతోపాటు పక్కనున్న లావు అక్షరాల ముగింపు ట్యాగు కూడా చెరిగిపోయింది. అక్కడినుంచి పేజీ చివరిదాకా గుళ్ల పేర్లు, వేళలు, తమిళ ముక్క, అన్నీ నల్లగా, లావుగా, బోర్డు మీద రాసినట్టున్నాయి.

"మామా, ఒక ట్యాగు పోయింది. ఉండు, సరిచేస్తా."

"ఏం పోయిందో నాకు తెలీదు గానీ, అద్దాలు లేకుండానే కనపడతాండాది పాపా. అట్లే ఉండనీ."